మంచం కింది కాటాగారికి

మహారాజశ్రీ గాజుపలక కాటాగారి సముఖానికి, పర్లాకిమిడి నుంచి ఒక తల్లి వ్రాయు విన్నపములు. ఉభయకుశలోపరి. మీరు మంచం కింద క్షేమం. మేమే కిలోలు కిలోలు తగ్గిపోతున్నాం.

మర్యాద ఇంతవరకే. నిన్ను తెచ్చింది నేనేనని ఒప్పుకుంటాను. నా షుగరు చూసి డాక్టరమ్మ బరువు రాసుకోమంది. రెండుసార్లు ఎక్కాను, నచ్చలేదు, మానేశాను. పదమూడేళ్ల మా పిల్ల మానలేదు. పళ్లు తోమకముందు ఒకసారి, బడినుంచి రాగానే ఒకసారి, రాత్రి చెవిదుద్దులు తీసి ఇంకోసారి. సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజే. నువ్వు రోజుకి మూడుసార్లు ఇస్తున్నావు, టిక్కెట్టు కూడా లేకుండా.

పిల్ల 150 సెంటీమీటర్లు, 43 కిలోలు. 38 కావాలట. బళ్లో ఎవరో ఒడియాలో "మోటి" అన్నారు, అంటే లావుది అని. తెలుగేం తీసిపోలేదు. పెళ్లికని పాతపట్నం వెళ్తే మా పెద్దత్త అందరిముందూ "గుంట బాగా ఒళ్లు చేసినాదే!" అంది. 1936లో మా ఊరిని ఒడిశాకి పంచారుగానీ ఈ నోటిదురుసుని పంచడం మరిచిపోయారు, ఇప్పటికీ ఉమ్మడి ఆస్తే. నేనూ పెద్ద సాధువునేం కాను. అది రెండో గారె మీద చెయ్యి వేస్తే "చాల్లే" అన్నదాన్ని. దాని ఎదుటే అద్దంలో నా పొట్ట చూసుకుని తిట్టుకున్నదాన్ని.

రాత్రి అన్నం మానేసింది. ఒకరోజు పదకొండింటికి దుప్పట్లో ఫోను వెలుతురు. ఎవడో కుర్రాడనుకుని నా గుండె జారింది. లాక్కుని చూస్తే డాల్మా ఎలా వండాలో చెబుతున్నారు. అది అయిపోతే మటన్ కసా, ఆ తర్వాత ఛెనాపోడా. ఆ పూట అది తిన్నది నాలుగు కీరా ముక్కలు. కుర్రాడైనా బాగుండేదనిపించింది.

ఇదేం కొత్త జబ్బు కాదని తర్వాత తెలిసింది. యుద్ధంలో ఆకలికి చిక్కినవాళ్లని ఎలా కోలుకునేలా చెయ్యాలో చూద్దామని, 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది ఆరోగ్యమైన కుర్రాళ్లని దాదాపు ఆరునెలలు అర్ధాకలితో ఉంచాడు. వాళ్లు ఏం చేశారనుకున్నావు? వంటపుస్తకాలు ముందేసుకుని చదివారు. కళ్లు మూసినా తిండే, తెరిచినా తిండే. ఊరికే చిరాకు, దిగులు. ఏరికోరి తెచ్చిన పెద్దవాళ్ల గతే అది. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఇంకోటుంది. బరువుని ఎత్తు వర్గంతో భాగించే లెక్కకి 1972లో బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టిందీ ఈయన బృందమే. లెక్క అంతకు వందేళ్ల పైచిలుకు ముందు బెల్జియంలో క్వెటెలె కట్టింది. ఆయన వెతికింది జనంలో సగటు మనిషిని. మా పిల్ల రెండో గారె సంగతి ఆయన అడగలేదు.

పిల్లల విషయంలో ఆ అంకెని వయసునిబట్టి, ఆడా మగానిబట్టి వేరే గీతల మీద చదవాలట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 పటంలో డాక్టరమ్మ చుక్క పెట్టి చూపించింది. మా పిల్ల నడిమి గీత పక్కనే ఉంది. ఈడొచ్చే వేళ ఆడపిల్లకి నడుమూ తొడలూ నిండుతాయనీ, కడుపు మాడిస్తే నెలసరి తప్పుతుందనీ, ఎముక గట్టిపడాల్సిన రోజులు పోతాయనీ చెప్పింది. ఇవేవీ నీ గాజు మీద పట్టవు. నీకొచ్చిన చదువల్లా మూడంకెలూ ఒక చుక్కా.

మా మేనల్లుడికి ఇదే రోగం తిరగబడింది. డబ్బాలో పొడి పాలల్లో కలుపుకు తాగి, ఎక్కువ చూపించవే అని నిన్ను బతిమాలుతుంటాడు.

మొన్న నిన్ను బియ్యం డ్రమ్ము వెనక దాచాను. పిల్ల పక్కింటికి వెళ్లి వాళ్లది ఎక్కి వచ్చింది. దాచడం పనికిరాదని తెలిసింది. పొట్టని తిట్టుకోవడం ముందు నేను మానాలి. మానేసి నాలుగు రోజులైంది, అప్పుడప్పుడు నోరు జారుతోంది.

ఆదివారం పాతసామాన్లవాడు వస్తాడు. నిన్ను వాడి తరాజులో పడేస్తాను. వాడిది కిలోకి పావు తక్కువే చూపిస్తుంది. ఓలమ్మా, ఎంత సన్నబడ్డావో చూసుకుని మురిసిపో.

ఇట్లు,
నిన్ను డబ్బులిచ్చి కొన్న పాపాత్మురాలు