ఫైబర్ తెగితే ఎవరిని పిలవాలి?

పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ అనగానే మన ప్రభుత్వాలు కిలోమీటర్ల లెక్క తీస్తాయి. ఇన్ని వేల కిలోమీటర్ల ఫైబర్ వేశాం, ఇన్ని పంచాయతీలను కలిపాం అంటాయి. అందులో అబద్ధం ఉందని మేం అనడం లేదు. కానీ ఊళ్లోవాళ్లు అడిగేది వేరు. నిన్న సాయంత్రం పోయిన నెట్ ఇవాళైనా వస్తుందా? రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి? వేల కోట్లు పోసిన పథకాల్లో ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పే మనిషిని మాత్రం ఎవరూ పెట్టలేదు.

సుమారు రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ తీసుకెళ్లే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. రెండేళ్లలో పూర్తి చేస్తామన్నారు. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు మార్చారు. మొదటి లక్ష పంచాయతీలు అయ్యేసరికి 2017 డిసెంబరు వచ్చేసింది. వెయ్యి రోజుల్లో దేశంలోని ఆరు లక్షల గ్రామాలకూ ఫైబర్ అందిస్తామని 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి ప్రధాని ప్రకటించారు. ఆ గడువు 2023 మే నెలలో దాటిపోయింది. మరో మూడు నెలలకు 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన భారత్‌నెట్‌కు మంత్రివర్గం ఆమోదం తెలిపింది. గడువు దాటినప్పుడల్లా కొత్త గడువు పెట్టడం మనకు అలవాటైపోయింది కాబట్టి దాని మీద ఇక్కడ ఎక్కువ రాయడం లేదు.

అసలు చూడాల్సింది ‘సర్వీస్ రెడీ’ అనే మాటను. సేవలకు సిద్ధంగా ఉన్న పంచాయతీలు రెండు లక్షలు దాటాయని అధికారిక లెక్క. సిద్ధంగా ఉండటం అంటే పంచాయతీ కార్యాలయం దాకా ఫైబర్ చేరి, అక్కడ సిగ్నల్ అందుకునే పరికరం బిగించడం. ఆ పరికరం ఇవాళ పనిచేస్తోందా, దాని నుంచి ఒక్క ఇంటికైనా కనెక్షన్ వెళ్లిందా అన్నది ఆ లెక్కలో కనిపించదు. కరెంటు విషయంలోనూ ఒకప్పుడు ఇదే జరిగింది. ఊళ్లో పది శాతం ఇళ్లకు, బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్లకు కరెంటు వస్తే చాలు, ఆ ఊరు మొత్తం విద్యుదీకరణ అయినట్టే రాసుకున్నారు. మిగతా తొంభై శాతం ఇళ్లు ఆ తర్వాత ఎన్నేళ్లు కిరోసిన్ దీపాలతో గడిపాయో కాగితాలకు పట్టలేదు.

ఫైబర్ వచ్చిన ఊళ్లో పంచాయతీ ఆఫీసుకు వెళ్లి చూడండి. గోడకు ఒక ఇనుప పెట్టె ఉంటుంది. లోపల ఆ పరికరం, దానికో బ్యాటరీ. మొదట్లో కరెంటు పోయినా బ్యాటరీ కొన్ని గంటలు లాగుతుంది. అది పాడైతే మార్చాల్సింది ఎవరన్నది పంచాయతీ కార్యదర్శికి తెలియదు. ఆ పెట్టె తన ఆఫీసులో ఉన్నా తన పరిధిలోది కాదు. కరెంటు పోతే నెట్ కూడా పోతుంది. ఆఫీసుకు తాళం పడితే, బాగుచేయడానికి వచ్చిన మనిషి కూడా తాళం చూసుకుని వెళ్లిపోతాడు.

కనెక్షన్ తీసుకున్న ఇళ్లలో మరో రకం టెన్షన్. వైఫై డబ్బా మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంటే ఎక్కడో ఫైబర్ తెగిందని అర్థం. ఇంటి యజమాని కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేస్తాడు. తన వైపు లోపం లేదు, మెయిన్ లైన్ పోయిందని అతనంటాడు. మెయిన్ లైన్ చూసేవాళ్లు కాంట్రాక్టర్ మనుషులు. తెగిన ఫైబర్ పోగులను అతికించే స్ప్లైసింగ్ మెషీన్ వాళ్ల దగ్గర ఉంటుంది. అది ఆ రోజు ఏ మండలంలో తిరుగుతోందో దాన్ని బట్టే ఈ ఊరి నెట్ ఎప్పుడొచ్చేదీ తేలుతుంది. నెల చందా మాత్రం పూర్తిగా కట్టాల్సిందే, దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి. రాని నెట్‌కూ పన్ను కట్టే భాగ్యం పల్లెకు దక్కింది.

తెగడం ఎలాగూ తప్పదు. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ, పైపులైను తవ్వే కూలీలు, గాలికి విరిగిపడే కొమ్మ, ఏదో ఒకటి ఉంటుంది. తవ్వే ముందు కింద ఏముందో తెలుసుకోవడానికి కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్ తెచ్చింది. మంచి ఆలోచనే. అయితే ఊళ్లో సీసీ రోడ్డు వేసే చిన్న కాంట్రాక్టర్ దాన్ని ఫోన్‌లో పెట్టుకున్నాడా అని అడిగే అధికారి ఉంటేనే అది పనికొస్తుంది.

పాత భారత్‌నెట్‌లో ఇంకో లోపం ఉంది. ఎక్కువ చోట్ల ఫైబర్ ఒకే దారిలో వెళ్తుంది. మొదటి ఊరి దగ్గర తెగితే ఆ వెనకున్న ఊళ్లన్నీ ఆగిపోతాయి. కొత్త ప్రణాళికలో దాన్ని వలయంలా కలుపుతామన్నారు. ఒకవైపు తెగితే సిగ్నల్ రెండో వైపు నుంచి వస్తుంది. పదేళ్ల నిర్వహణను కూడా కాంట్రాక్టులోనే చేర్చారు. వేసి వదిలేస్తే కుదరదని ఇన్నేళ్లకు గుర్తించినందుకు సంతోషమే.

ఇంటింటికీ ఫైబర్ ఇవ్వడంలో ఆంధ్రప్రదేశ్ ముందే అడుగు వేసింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఇరవై వేల కిలోమీటర్లకు పైగా ఫైబర్ లాగింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో మొదలుపెట్టి, ఏడాది తర్వాత రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అని ప్రకటించింది. భూమిలో వేస్తే అయ్యే ఖర్చుతో చూస్తే ఇది చాలా చౌక. చౌకకు తగ్గ చిక్కూ ఉంది. స్తంభం పడితే ఫైబర్ కూడా పడుతుంది. 2018లో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో వేల స్తంభాలను నేలకూల్చింది. తీరం పొడవునా తుపాన్లు ఏటా పలకరించే రాష్ట్రంలో, స్తంభాలు నిలబెట్టిన వెంటనే ఫైబర్ లాగే బృందాలు కూడా కరెంటు వాళ్లతో పాటే సిద్ధంగా ఉండాలి కదా! ఆ తర్వాతి సంవత్సరాల్లో ఈ పని చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఫైబర్‌నెట్ పేరు వార్తల్లో వినిపించింది ఎక్కువగా టెండర్ల కేసుతోనూ, నియామకాల గొడవతోనూ, 2025 ఫిబ్రవరిలో ఛైర్మన్ రాజీనామాతోనూ. తప్పెవరిదన్నది ఇక్కడ మా చర్చ కాదు. ప్రభుత్వం మారినప్పుడల్లా సంస్థ కుదుపులకు లోనైతే, కొత్త డబ్బాలు అడిగిన కేబుల్ ఆపరేటర్, వాటి కోసం ఎదురుచూసే వినియోగదారుడు ఇద్దరూ ప్రైవేటు వైపు మళ్లుతారు.

తెలంగాణ వేరే దారి పట్టింది. మిషన్ భగీరథ మంచినీళ్ల పైపులతో పాటే అదే కందకంలో ఫైబర్ గొట్టాలనూ పరిచింది. ఒకసారి తవ్వి రెండు పనులు చేసిన తెలివిని మెచ్చుకోవాల్సిందే. ఆ గొట్టాలు భూమిలోకి వెళ్లిన చాన్నాళ్లకు, 2024 డిసెంబరులో, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టీ-ఫైబర్ ఇంటింటి సేవలు ప్రయోగాత్మకంగా మొదలైన గ్రామాలు నాలుగు.

చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, డేటా చౌక, మళ్లీ ఇంటికి ఫైబర్ ఎందుకని అడిగేవాళ్లున్నారు. బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ వేగం ఉండాలని 2023లో నిర్వచనం మార్చారు. అంతకు ముందు 512 కేబీపీఎస్ ఉంటే చాలు. ఆ 2 ఎంబీపీఎస్ కూడా సాయంత్రం ఏడింటికి ఊరంతా ఒకే టవర్ మీద పడ్డప్పుడు దొరకదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు వీడియో పాఠాలు చూస్తుంటే, పండక్కి వచ్చిన సాఫ్ట్‌వేర్ కొడుకు ఆఫీసు మీటింగ్ కోసం డాబా ఎక్కాల్సి వస్తుంది. గ్రామ సచివాలయంలో సర్వర్ తిరుగుతూనే ఉంటే ధ్రువపత్రం కోసం వచ్చినామె ఆ రోజు కూలి పోగొట్టుకుంటుంది. ఇక మన్యంలో టవర్ ఉండటమే గొప్ప. వేలిముద్ర పడ్డాక సిగ్నల్ లేక రేషన్ ఆగిపోయే ఊళ్లకు ఫైబర్ గురించి చెప్పడం కూడా ఇబ్బందే. ఆంధ్రప్రదేశ్ సహా ఐదు రాష్ట్రాల్లోని 7,287 గ్రామాలకు మొబైల్ సేవలు అందించాలని కేంద్రం 2021 నవంబరులో నిర్ణయించింది. అలాంటి కొండ ఊళ్లకు టవరో, ఉపగ్రహమో మార్గం. ఊరికి ఊరు ఆనుకుని ఉండే మైదానాల్లో మాత్రం ఉపగ్రహం పేరు చెప్పి ఫైబర్ బాధ్యత దులుపుకోకూడదు.

డబ్బు లేదన్న మాట కుదరదు. కొన్ని మినహాయింపులు పోగా మిగిలిన టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం గ్రామీణ సేవల నిధికి వెళ్తుంది. అంటే రీచార్జ్ చేయించుకున్న ప్రతి ఒక్కరూ, పల్లెవాళ్లతో సహా, ఇందుకు తమ వంతు కడుతూనే ఉన్నారు. పైగా డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. కరెంటుకు లైన్‌మన్ ఉన్నట్టే ప్రతి మండలానికీ ఒక ఫైబర్ లైన్‌మన్‌ను, అతని చేతికి ఒక స్ప్లైసింగ్ మెషీన్‌ను ఇవ్వాలి. అతని ఫోన్ నంబరు పంచాయతీ గోడ మీద రాయాలి. ఊళ్లో స్తంభాలెక్కి తీగలు లాగడం తెలిసిన కేబుల్ ఆపరేటర్లకు ఈ పని ఒప్పజెప్పి, బాగుచేసినందుకు విడిగా డబ్బివ్వాలి. ఎన్ని కిలోమీటర్లు వేశారన్నది కాదు, నెలలో ఏ పంచాయతీలో నెట్ ఎన్ని గంటలు నడిచిందో ప్రతి నెలా బయటపెట్టాలి. కాంట్రాక్టర్‌కు బిల్లు ఆ లెక్క చూశాకే చెల్లించాలి. సవరించిన భారత్‌నెట్ పనులు ఇంకా సాగుతున్నాయి కాబట్టి, ఈ షరతులను ఒప్పందాల్లో చేర్పించేలా రాష్ట్రాలు కేంద్రంపై ఇప్పుడే ఒత్తిడి తేవాలి.