బాణలిలో పడ్డ బంతి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా కాలనీకి మా బావమరిది హైదరాబాదు నుంచి పికిల్‌బాల్ అనే ఆట బ్యాట్లు మోసుకొచ్చాడు. కోర్టు కోసం వెతుక్కోనక్కరలేదు. 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు, అచ్చం డబుల్స్ బ్యాడ్మింటన్ కొలతే. నెట్టును మధ్యలో 34 అంగుళాలకు దించి, దానికి రెండు వైపులా ఏడేసి అడుగుల దూరంలో సున్నంతో గీత గీశాడు.

ఈ ఆట పుట్టిందే సరిపెట్టుకోవడంలో. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ అనే మిత్రులు పిల్లలకు పొద్దుపోవడం లేదని చూస్తే బ్యాడ్మింటన్ సామాను దొరకలేదు. పింగ్‌పాంగ్ బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతి ఇచ్చి ఆడుకోమన్నారు. ఆ విద్య మన ఇళ్లలోనే ఉందనుకునేవాణ్ని.

పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టారు నా జట్టు. సర్వీసు నడుము కింది నుంచి ఎదుటి మూలకు కొట్టాలన్నా, అటొకసారి ఇటొకసారి బంతి నేలను తాకాకే గాల్లో కొట్టాలన్నా, సర్వీసు చేసేవారికే పాయింటన్నా తలూపారు. ఆటకు ముందు మా వాడు "సున్నా, సున్నా, రెండు" అని అరవగానే ఆగిపోయారు.

"ఆడకముందే రెండెక్కడివి?"

"స్కోరు కాదు మాస్టారూ, జట్టులో సర్వీసు చేసే రెండోవాడు అని."

"మరి మొదటివాడేడీ?"

"మొదలుపెట్టే జట్టుకు ఆ ఒక్కసారికీ ఒక్కడే. వాణ్నే రెండోవాడు అంటారు."

మాస్టారు హాజరుపట్టీలో దొంగ సంతకం దొరికినట్టు చూశారు.

కాసేపటికి నెట్టు దగ్గర బంతి లేచింది. ఆయనది పాతకాలపు వాలీబాల్ చెయ్యి. సున్నం గీతకు ఇవతలి నుంచే బలంగా బాదారు. బంతి కోర్టునూ ప్రహరీనీ దాటి వీధిలోని వడల బండి మీది బాణలిలో పడింది. ఆ ఊపుకు ఆయన కాలు గీత దాటింది.

"ఫౌల్! గాల్లో కొట్టి ఊపుకు లోపల అడుగుపెట్టినా తప్పే!" అన్నాడు మా వాడు.

"బంతే లేదు, ఫౌలెక్కడిది?"

"అవుట్ కూడానండీ!"

ఏ తప్పుకు పాయింటు పోయిందో తేల్చకుండా కదలనని మాస్టారు పట్టుబట్టారు. గోడ అవతల "ఆజ్ఞా, మో తేల గలా!" అని, తన నూనె పోయిందని బండి యజమాని ఒడియాలో మొత్తుకుంటున్నాడు. వడల మధ్య బంతి మెత్తబడి సొట్టలు పోతోంది. నూనె ఖరీదు, వాయి ఖరీదు బావమరిదే ఇచ్చుకున్నాడు. ఇప్పుడు మాస్టారు బ్యాటు పట్టుకుని వీధిలోకి రాగానే బండి యజమాని బాణలి మీద మూత పెట్టేస్తున్నాడు.