ప్రేరణ గడి ఖాళీగా వదలరాదు

స్థానిక కళాకారుల ప్రదర్శన అనగానే తిరుపతిలో ముందు బయటికొచ్చేది బొమ్మ కాదు, దరఖాస్తు ఫారం. పేరు, ఊరు, ఫోన్ నంబరు, కృతి పేరు, కొలత, ధర. ధర దగ్గర కాస్త దిక్కులు చూస్తారు గానీ, అంతవరకూ ఎవరికీ పెద్ద ఇబ్బంది లేదు. అసలు పరీక్ష ఆ తర్వాతి గడిలో ఉంటుంది: ‘మీ కళకు ప్రేరణ, 50 పదాలకు మించకుండా’. పక్కనే ఎర్ర చుక్క. ఖాళీగా వదిలితే ఫారం చెల్లదు. బొమ్మ ఇంకా పూర్తికాలేదంటే సర్దుకుంటారు, ఆరంభం రోజు పొద్దున తెచ్చి మేకుకు తగిలించుకోవచ్చు. ప్రేరణ మాత్రం వారం ముందే చేరాలి. ఫ్లెక్సీకి పంపాలి కదా.

ఈ ఏర్పాటు చాలా సబబైనదనీ, దీన్ని కాపాడుకోవడం ఊరి బాధ్యత అనీ ఈ వ్యాసం వాదన. ఇంత గట్టిగా చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ఆ గడిలో కొందరు నిజం రాస్తున్నారు.

ముందు పద్ధతి తెలిసినవాళ్ల సంగతి చూద్దాం. కాన్వాసు మీద ఆక్రిలిక్‌తో ఏడు కొండలు దించినవాళ్లు ‘సప్తగిరుల మౌనం నాతో మాట్లాడింది’ అని రాస్తారు. అలిపిరి దగ్గర బస్సు హారన్ల మధ్య నిలబడి ఆ మౌనం విన్నారంటే సాధన మామూలుది కాదు. నైరూప్య చిత్రం వేసినవాళ్లకు ‘అంతర్మథనం’ అనే ఒక్క మాట చాలు, మిగిలిన 49 పదాలూ ఆదా. తంజావూరు పద్ధతిలో బంగారు రేకు అంటించి వేంకటేశ్వరుణ్ణి చేసినవాళ్లు ‘స్వామి తానే చేయించుకున్నాడు’ అని తేల్చేస్తారు. కిరీటంలో రాయి ఊడినా సరే, ఈ ఊళ్లో ఆ మాటకు ఎదురు ప్రశ్న వేసే గుండె ఎవరికుంది?

చిక్కంతా శ్రీకాళహస్తి నుంచి వచ్చే కలంకారీ పనివాళ్లతోనే. ప్రేరణ ఏమిటంటే ‘కరక్కాయ’ అంటారు.

‘అది కాదు సామీ, మనసులో పుట్టేది చెప్పు’ అంటే, ‘మనసులో పుట్టింది గుడ్డ మీద నిలబడాలంటే కరక్కాయే గదా సామీ’ అంటారు. అక్కడితో ఆగితే సర్దుకోవచ్చు. ఆగరు. 50 పదాల గడి దాటి అంచుల్లోకి, వెనక పేజీలోకి పోతారు. ఎంత దూరం పోతారో పాఠకులకు తెలియాలి కనుక, మనసు రాయి చేసుకుని ఆ వివరాలు ఇక్కడ ఇస్తున్నాం.

గాడా గుడ్డ (ముతక నూలు గుడ్డ) తెచ్చి ముందు గంజి పూర్తిగా పోయేదాకా ఉతకాలట. గంజి మిగిలిన చోట రంగు పట్టదు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో (కోస్తావాళ్లకు గేదె పాలు) ముంచి, పిండి, ఆరేయాలి. పిండడంలో ఒక మూల తడి ఎక్కువ నిలిస్తే ఆ మూల ముదురు పసుపుగా మచ్చ తేలుతుంది. ఎనుము పాలే ఎందుకంటే వాటిలో వెన్న ఎక్కువ. ఆ కొవ్వు నూలు పోగుల్లో చేరి సిరాను పక్కకు పాకనివ్వదు. పాలవాడు ధారాళంగా నీళ్లు కలిపిన రోజున కృష్ణుడి చెక్కిలి మీద గీసిన గీతకు నూగుమీసం మొలుస్తుంది. అంటే ఒక పౌరాణిక వస్త్రం గతి పాడి గిన్నెలో తేలుతోందన్నమాట. ఇది ముఖ్య అతిథికి చెప్పదగిన మాటేనా?

నలుపు సంగతి ఇంకా ఘోరం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో పోసి 15-20 రోజులు పులియబెడతారు. దాన్ని కసింకారం అంటారు. వడకట్టినప్పుడు అది నల్లగా ఉండదు. గుడ్డ మీద గీసిన క్షణంలో నీళ్ల కాఫీలా పలచగా ఉండి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుమూ, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థమూ కలిస్తేనే ఆ నలుపు. కరక్కాయ పెట్టని గుడ్డ మీద అదే సిరాతో గీస్తే మిగిలేది తుప్పు మరక. పోనీ ఘాటు పెంచుదామా అంటే, ఇనుము ఎక్కువైన సిరా కొన్నేళ్లకు గీత ఉన్న చోటే నూలును తినేస్తుంది. రాముడి ఒళ్లు క్షేమంగా ఉంటుంది, రూపురేఖలే చిరిగిపోతాయి.

ఇక కలం. పేరు చూసి పాళీ ఊహించుకోకండి. మొన తేల్చిన వెదురు పుల్ల, దానికి కాస్త పైన ఉన్ని గానీ పాత గుడ్డ పేలిక గానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టే సిరాబుడ్డి. వేళ్లతో మెల్లగా నొక్కుతుంటే సిరా మొనకు దిగుతుంది. చుట్టు వదులైనా, నొక్కు ఎక్కువైనా చుక్క పడుతుంది. ముందు వేసుకునే చింతపుల్ల బొగ్గు గీతలైతే దులిపితే పోతాయి, కసింకారం చుక్క చెరగదు. చెయ్యి తిరిగిన పనివాడు దానికి నాలుగు రేకులు తొడిగి పువ్వు చేస్తాడు. వస్త్రం అంచున పద్ధతి లేకుండా ఒక పువ్వు ఒంటరిగా కనిపిస్తే, అక్కడ ప్రకృతి ఆరాధన కాక దోమ కుట్టిందని అనుమానించాలి.

ఎరుపు కోసం కావాల్సిన చోట మాత్రమే పటిక నీళ్లు పూస్తారు. అది ఎండి నిలిచాక, అదనపు పటిక పోయేదాకా పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీళ్లలో జాడిస్తే కరిగిన పటిక పక్క భాగాల్లోకి ఎక్కుతుంది. తర్వాత మంజిష్ఠ వంటి మొక్కల వేళ్లు వేసి కాచిన నీళ్లలో గుడ్డను కర్రతో ఆపకుండా తిప్పుతూ ఉడికిస్తే, పటిక ఉన్న చోటల్లా ఎరుపెక్కుతుంది. సరిగ్గా జాడించకపోతే సీతమ్మతో పాటు రావణుడి పది ముఖాలూ సిగ్గుపడతాయి. పారే నీళ్లు కావాలంటే స్వర్ణముఖి ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుకే. అందుకే కలంకారీవాళ్లు ‘నదీమతల్లి నా ప్రేరణ’ అని రాయరు, ‘నీళ్లు ఎప్పుడొస్తాయి’ అని అడుగుతారు. ఎరుపు అయ్యాక గుడ్డను మళ్లీ పాలలో ముంచాలి, లేకపోతే తర్వాత వేసే పసుపు, నీలం పాకుతాయి. పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు, పసుపు మీద నీలం పూస్తే ఆకుపచ్చ.

ఇందులో ఆత్మ ఎక్కడుంది, విశ్వం ఎక్కడుంది? సందర్శకుడు హాల్లోకొచ్చి చదివేది పాలు, బెల్లం, తుప్పు. చిల్లర కొట్టు చీటీకీ దీనికీ తేడా ఏమిటి?

తప్పు పూర్తిగా వాళ్లది కూడా కాదు, శిక్షణలోనే లోపం ఉంది. చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు, పిల్లల చేతికి కలమిచ్చారు, కుండ చూపించారు, పాలలో ముంచిన గుడ్డను పిండడం నేర్పారు. ప్రేరణకు మాత్రం పీరియడ్ పెట్టలేదు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదు. అక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ కూడా వచ్చింది, అయినా ఆ వీధుల్లో జనం రంగు గురించి మాట్లాడినంతగా అంతరంగం గురించి మాట్లాడరు. చేత్తో గీసే శ్రీకాళహస్తి పనికీ, అచ్చులతో అద్దే మచిలీపట్నం పనికీ విడివిడిగా భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఇచ్చారు. ఆ గుర్తింపు పత్రాల్లోనూ పద్ధతి గోలే ఎక్కువ.

వీళ్లతో పోలిస్తే స్క్రీన్ ప్రింటు గుడ్డ తెచ్చి కలంకారీ అని తగిలించేవాళ్ల కార్డు ఎంత హాయిగా ఉంటుందో చూడండి: ‘వేల ఏళ్ల వారసత్వం నా వేళ్ల కొనల మీదుగా ప్రవహిస్తోంది.’ పాల ప్రసక్తి లేదు, పటిక ప్రసక్తి లేదు. వేళ్లకు మరకా లేదు. సరిగ్గా 50 పదాల లోపే. ఎవరో గిట్టనివాళ్లు గుడ్డ తిరగేసి వెనకవైపు రంగు దిగిందా లేదా చూస్తారు, ఒక నెమలి నుంచి ఇంకో నెమలికి జానతో కొలిచి అన్నీ ఒకే దూరంలో, ఒకే మెడ వంపుతో ఉన్నాయని రభస చేస్తారు. చేత్తో గీస్తే రెండు నెమళ్లు ఒకేలా రావట. క్రమశిక్షణ గల నెమళ్లంటే వాళ్లకెందుకో అంత కోపం.

ప్రేరణ రాయడంలో తొందరపడకూడని వర్గం ఒకటుంది. ఏర్పేడు దగ్గర మాధవమాల చెక్క శిల్పులు. అందరిలాగే వాళ్లూ ‘నా కృతికి మూలం శేషాచలం అడవి’ అని భావావేశంగా రాస్తే, ప్రారంభోత్సవానికి కలెక్టరు కంటే ముందు అటవీ శాఖవాళ్లు వస్తారు. ఎర్రచందనం బొమ్మ పక్కన ప్రేరణ కంటే చెక్క కొన్న రసీదు పెట్టుకోవడం మేలు. దసరా కొలువులో మనం పెట్టుకునే జంట బొమ్మల చెక్క కూడా ఆ చెట్టుదే కాబట్టి, మూలాల గురించి ఈ ఊళ్లో ఎంత తక్కువ రాస్తే అంత శ్రేయస్కరం. పని సంగతి అడిగితే వీళ్లూ అంతే: మాను మధ్యలోని చేవ ఎర్రగా, గట్టిగా ఉంటుంది, చుట్టూ ఉన్న పాలచెక్కకు ఆ రంగు రాదు. పచ్చి చెక్క మీద ఉలి సులువుగా నడుస్తుంది గానీ ఆరేటప్పుడు పగులుతుంది. ముక్కు చెక్కే చోట కణుపు తగిలిందా, దేవుడు చప్పిడి ముక్కువాడవుతాడు.

పలమనేరు మట్టి పనివాళ్లు వచ్చినా ఇదే కథ. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయినప్పుడు కలంకారీ ఇటు వచ్చింది, పలమనేరు మట్టి చిత్తూరుకే మిగిలింది, కనుక వాళ్లను పిలవకుండా ఉండటానికి చక్కటి సాకు ఉంది. పొరపాటున పిలిస్తే, మట్టి గుర్రం పొట్ట డొల్లగా చేసి కింద కన్నం పెట్టకపోతే ఆవంలో (మట్టి బొమ్మలు కాల్చే బట్టీలో) పేలుతుందనీ, నీడన ఆరనివ్వకుండా ఎండలో పెడితే కాళ్ల దగ్గర బీటలిస్తుందనీ మొదలుపెడతారు. గుర్రం స్వేచ్ఛకు ప్రతీక అని ఒక్కరూ అనరు.

ఇకముందైనా కమిటీవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. ప్రేరణ రాయలేనివారికి హాలు బయట ఒక బల్ల వేసి, డిగ్రీ తెలుగు చదివిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టాలి. కరక్కాయ అంటే ‘హరీతకీ తత్త్వం’ అనీ, పులిసిన ఇనుము అంటే ‘కాలం మిగిల్చిన చీకటి’ అనీ, నీళ్లు రాలేదంటే ‘నది కోసం నిరీక్షణ’ అనీ మార్చి రాస్తాడు. కార్డుకు 20 రూపాయలు తీసుకున్నా తప్పులేదు. కార్డు బొమ్మ కంటే పెద్దదైతే ఇంకా మంచిది. ఫొటోలో కార్డే కదా చదివేది.

ఇంత చేసినా ఒక లొసుగు మిగిలిపోతుంది. అసలైన కలంకారీ గుడ్డ నుంచి పులిసిన పాల వాసన సన్నగా వస్తూనే ఉంటుంది. కార్డు మీద ఎంత కవిత్వం రాయించినా దాన్ని ఆపలేం. దగ్గరికెళ్లిన ముసలమ్మ ఎవరో ‘ఇది నిజం గుడ్డే నాయనా, ఆ పక్కది కాదు’ అనేస్తుంది. కనుక ‘చేతులతో తాకరాదు’ అనే బోర్డు కిందే, అదే సైజు అక్షరాలతో, ఇంకో బోర్డు పెట్టించాలి: ‘వాసన చూడరాదు.’