ఇద్దర్నీ ఒకేలాగే పెంచాం కదా!

ఈత క్లాసు మొదటి రోజు మా పెద్దమ్మాయి కొలను గట్టు మీద రెయిలింగ్ పట్టుకుని అరగంట నిలబడిపోయింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు. లోతు అంకె ఎక్కడ రాసుందో, మాస్టారు ఎవర్ని గదమాయిస్తున్నారో, నీళ్లు మింగిన పిల్లాడు ఎంతసేపు దగ్గాడో అన్నీ చూసుకుంది తప్ప కాలు తడుపుకోలేదు. నాకు విసుగొచ్చి నలుగురిలో ఒక కేక వేశాను కూడా. అయిదేళ్ల చిన్నది మాత్రం మాస్టారు పేరు పిలిచేలోపే దూకేసింది, ఈత కళ్లద్దాలైనా పెట్టుకోకుండా.

"పెద్దది మీ పోలికే, ఆర్నెల్లు ఆలోచిస్తే గానీ చెప్పులు కొనరు మీవాళ్లు" అని మా ఆవిడ తీర్పు చెప్పేసింది. నేనేమో "ఇద్దర్నీ ఒకేలాగే పెంచాం కదా" అన్నాను. ఈ మాట ఒక్కసారైనా అనని తల్లిదండ్రులు మన సంఘంలో ఉంటే చెయ్యెత్తండి. నేనైతే ఆ తర్వాత మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు కొన్ని తిరగేశాను. ఆవిడ తీర్పు సగం ఒప్పు, నా మాట పూర్తిగా తప్పు అని తేలింది.

ముందు ఆ ఒప్పు సగం చూద్దాం. హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ అనే శాస్త్రవేత్త నాలుగు నెలల పసివాళ్ల ముందు రంగుల బొమ్మలు ఊపి, పరిచయం లేని గొంతులు వినిపించి చూశాడు. అయిదుగురిలో ఇద్దరు కదలకుండా, హాయిగా చూస్తూ పడుకున్నారు. అయిదుగురిలో ఒకరు మాత్రం కాళ్లూ చేతులూ కొట్టుకుని, వీపు విల్లులా వంచి, ఏడుపందుకున్నారు. ఇలా ఏడ్చినవాళ్లలో చాలామంది కాస్త పెద్దయ్యాక కొత్త మనిషి కనబడితే అమ్మ వెనక్కి నక్కే పిల్లలయ్యారు. నాలుగు నెలలకే ఏం పెంపకం జరిగిందని?

కవలల లెక్కలూ ఇటే మొగ్గుతాయి. 1979లో అమెరికాలోని మిన్నెసోటాలో థామస్ బుషార్డ్ అనే మనస్తత్వవేత్త బృందం పసితనంలోనే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలల్ని వెతికి పరీక్షించడం మొదలుపెట్టింది. అచ్చుగుద్దినట్టుండే కవలలు విడిగా పెరిగినా, కలిసి పెరిగినవాళ్లతో దాదాపు సమానంగా స్వభావంలో ఒకరినొకరు పోలి ఉన్నారు. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్కగడితే, మనుషుల స్వభావాల మధ్య తేడాల్లో సుమారు 40 శాతం జన్యువుల వల్ల అని వచ్చింది. అంటే నాలో నలభై పాళ్లు మా నాన్న అని కాదు. ఒక గుంపులో మనుషులు ఒకరికొకరు ఎందుకు తేడాగా ఉన్నారన్న ప్రశ్నకే ఆ అంకె జవాబు.

మిగతా 60 మన పెంపకమేనని ఛాతీ విరుచుకోబోయాను. అక్కడే దెబ్బ తిన్నాను. ఒకే ఇంట్లో పెరగడం వల్ల అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ స్వభావంలో వచ్చే పోలిక ఇంచుమించు శూన్యమట. 1987లో రాబర్ట్ ప్లోమిన్, డెనిస్ డేనియల్స్ అనే పరిశోధకులు ఇదే ప్రశ్నను ఎత్తుకుని, ఒకే ఇల్లు ఇద్దరు పిల్లలకి ఒకే ఇల్లు కాదన్నారు. నాకు ఉద్యోగం పోయిన ఏడాది గుర్తొచ్చింది. పెద్దది తలుపు వెనక నిలబడి మా లెక్కలన్నీ విని, మర్నాడు తనకి కొత్త స్కూలు బ్యాగు వద్దంది. చిన్నదాన్ని అదే ఏడాది గురించి అడిగితే, "నాన్న రోజూ స్కూలుకొచ్చి నన్ను తీసుకెళ్లిన సంవత్సరం" అంటుంది. మరి ఏ ఇల్లు ఒకటి?

పోనీ ఇలాంటి సంఘటనలు పోగేస్తే మనిషి పూర్తిగా అర్థమవుతాడా అంటే, అదీ లేదు. 2013లో ప్రచురించిన ఒక ప్రయోగంలో జన్యుపరంగా ఒకేలా ఉన్న 40 ఎలుకల్ని ఒకే పెద్ద బోనులో వదిలారు. మూడు నెలల్లో కొన్ని మూలమూలా తిరిగే దేశదిమ్మరులయ్యాయి, కొన్ని ఉన్నచోటు వదల్లేదు. చిన్న చిన్న తేడాలే పేరుకుపోయాయన్నమాట.

పెద్దపిల్లలకి బాధ్యత ఎక్కువ, కడసారం వాళ్లకి అల్లరి ఎక్కువ అనే మాట ఇక వదిలేయొచ్చు. 2015లో మూడు దేశాల్లో 20 వేలమందికి పైగా చూస్తే పుట్టిన వరసకీ స్వభావానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్న సామెతతో కూడా నాకు పేచీయే. ఏళ్ల తరబడి అవే మనుషుల్ని గమనించిన అధ్యయనాల్లో, ఇరవైకీ నలభైకీ మధ్య జనం సగటున నిలకడగా, బాధ్యతగా మారుతున్నారు.

అసలు నా ఫిర్యాదు పిల్లలకి మనం అంటించే చీటీల మీద. "ఇది కాస్త బిడియం", "ఇది రాక్షసి". వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వవేత్త 1968లోనే ఈ చీటీల్ని ప్రశ్నించాడు: ఒక చోట ప్రవర్తన చూసి మరో చోట ఎలా ఉంటారో చెప్పబోతే అంచనా చాలావరకు తప్పుతుంది. తర్వాత ఒక వేసవి శిబిరంలో ఆయన బృందం పిల్లల్ని గమనించింది. తోటివాళ్లు ఏడిపిస్తే కొట్టేవాడు పెద్దలు మందలిస్తే కిక్కురుమనడు, ఇంకొకడు సరిగ్గా తలకిందులు. లెక్కకి ఇద్దరూ కోపిష్టులే, కానీ ఒకే కోపిష్టి కాదు. కొలను గట్టున వణికిన మా పెద్దది వక్తృత్వ పోటీల్లో మైకు వదలదు. అయినా వచ్చిన ప్రతి చుట్టానికీ దాన్ని బిడియస్తురాలనే పరిచయం చేశాను, సిగ్గులేకుండా.

చిన్నదానికి ఇప్పుడు పద్నాలుగు. మొన్న ఈ వ్యాసం రాస్తుంటే భుజం మీంచి తొంగి చూసి, మొదటి పేరా చదివి నవ్వింది. "నాకూ భయమేసింది నాన్నా. అక్కని అందరి ముందూ కేకలేశావు కదా. నన్నూ వేస్తావని గట్టిగా కళ్లు మూసుకుని దూకేశాను. కళ్లు మూసుకున్నాక ఇంక కళ్లద్దాలెందుకు?"