బారెన్ దీవి పేలితే విశాఖ మునిగిపోతుందా?

మొన్న రాత్రి పదకొండు దాటాక మా పెద్దమ్మ ఫోన్ చేసింది. వాళ్ళది భీమిలి పక్కన సముద్రం ఒడ్డు ఊరు. చిన్నకొడుకు పోర్ట్‌బ్లెయిర్‌లో పని చేస్తున్నాడు. ఊరి పేరు ఇప్పుడు శ్రీవిజయపురం అయింది గానీ, పెద్దమ్మకి ఇంకా పోర్ట్‌బ్లెయిరే. "ఏటిరా, అండమాను పేలిపోతాదంట గదా! మనకాడికి కూడా నీళ్ళొచ్చేస్తాయంట. మావోణ్ణి వచ్చెయ్యమని చెప్పీమంటావా?" అంది. గొంతు వణుకుతోంది. ఆమెకి వచ్చిన వాట్సాప్ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: "150 ఏళ్ళ నిద్ర తర్వాత లేచిన అండమాన్ అగ్నిపర్వతం. 2004 సునామీకి కారణం ఇదే. ఈసారి పేలితే రెండు గంటల్లో విశాఖ, కాకినాడ, మచిలీపట్నం మునుగుతాయి. ప్రభుత్వం దాస్తోంది. అందరికీ పంపండి." కింద ఒక వీడియో.

ముందు ఆ వీడియో సంగతి చూద్దాం. ఎర్రటి లావా నల్లటి తారురోడ్డు మీదుగా పాకి వస్తూ, ఒక ఇంటి గేటుని మింగేస్తుంది. మెసేజ్ చెప్పే అగ్నిపర్వతం ఉన్నది అండమాన్లలోని బారెన్ దీవిలో. ఆ దీవిలో రోడ్డు లేదు, ఇల్లు లేదు, గేటు అసలే లేదు. అక్కడ మనుషులెవరూ ఉండరు. ఉన్నవి అడవి మేకలు, ఎలుకలు, గబ్బిలాలు, కొన్ని పక్షులు. 2018లో హవాయిలో కిలావియా లావా లైలానీ ఎస్టేట్స్ అనే కాలనీ వీధుల్లోకి వచ్చినప్పుడు అచ్చం ఇలాంటి దృశ్యాలే ప్రపంచమంతా చూసింది. ఎక్కడో తీసిన వీడియోకి మన సముద్రం పేరు తగిలించారు.

"150 ఏళ్ళ నిద్ర తర్వాత ఇప్పుడే లేచింది." ఈ మాట 1991లో చెప్పి ఉంటే దాదాపు నిజమే. ఈ కొండ నిప్పులు కక్కడం మొదట రాతల్లోకి ఎక్కింది 1787లో. 1789, 1795, 1803-04ల్లోనూ కక్కింది. పందొమ్మిదో శతాబ్దంలోనే సద్దుమణిగి, మళ్ళీ 1991లో లేచి దాదాపు ఆరు నెలలు మండింది. అప్పట్నుంచి మనం పట్టించుకోలేదు గానీ, అది ఊరుకున్నది తక్కువ. 1994-95లో మళ్ళీ వచ్చింది. 2005 మేలో మొదలైంది రెండేళ్ళదాకా సాగింది. ఆ తర్వాత కూడా ఆగుతూ, రాజుకుంటూ వస్తోంది. 2025 సెప్టెంబర్ 13న, 20న చిన్న చిన్న విస్ఫోటనాలు జరిగితే పత్రికల్లో వచ్చాయి. ఈ మెసేజ్‌కి ఊపిరి పోసింది ఆ వార్తే అనుకుంటాను. దీవి చుట్టుపక్కల సముద్రం అడుగున దొరికిన బూడిద పొరలని లెక్కగడితే ఈ కొండ కథ 70 వేల ఏళ్ళు వెనక్కి పోతుంది. ఇది కొత్తగా పుట్టిన ఉపద్రవం కాదు.

దాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళున్నారు. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 'సింధు సంకల్ప్' అనే ఓడలో వెళ్ళి, ఆ దీవి దగ్గర సముద్రం అడుగు మట్టి తీస్తున్నారు. ఉన్నట్టుండి కొండ బూడిద కక్కడం మొదలుపెట్టింది. ఓడని ఒక మైలు దూరం దాకా తీసుకెళ్ళి చూశారు. ఒక్కో విడత అయిదు నుంచి పది నిమిషాలు. పగలంతా కనిపించింది బూడిద మబ్బులే. పొద్దు గూకాక మాత్రం బిలంలోంచి ఎర్రటి లావా చిచ్చుబుడ్డిలా పైకి ఎగజిమ్మి, వాలు వెంట కిందకి జారడం కనిపించింది. ఈ కొండ ఇటీవలి కాలంలో ఎక్కువగా చూపిస్తున్న స్వభావం ఇదే. లావా కొంచెం పలచనిది, కాబట్టి లోపలి గ్యాస్ బిగుసుకుపోకుండా చిన్న చిన్న పేలుళ్ళుగా బయటికొచ్చేస్తుంది.

"2004 సునామీకి కారణం ఇదే." కాదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన మాట ఇది. ఆ రోజు మన రాష్ట్రంలోనే వందమందికి పైగా పోయారు, దేశంలో పదివేలకి పైగా. వాళ్ళ చావుకి తప్పుడు కారణం రాసి పంచడం న్యాయం కాదు. 2004 డిసెంబర్ 26 ఉదయం ఆరున్నరకి సుమత్రా పక్కన సముద్రం అడుగున భూమి చీలింది. మన దేశం ఉన్న భూఫలకం, అంటే భూమి పైపొరలోని పెద్ద పలక, అక్కడ పక్క ఫలకం కిందకి దూరుతూ, ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి ఉంది. ఆ బిగువు ఒక్కసారిగా వదిలింది. చీలిక సుమత్రా నుంచి అండమాన్ల దాకా దాదాపు 1,300 కిలోమీటర్లు పాకింది. అంత పొడవునా సముద్రపు నేల ఎగిసిపడితే, దాని మీదున్న నీళ్ళన్నీ కదిలాయి. అదే సునామీ. బారెన్ దీవి మొత్తం అడ్డంగా మూడు కిలోమీటర్లు. బిలం ఉన్న గిన్నె లాంటి లోయ రెండు కిలోమీటర్లు. ఎక్కడి మూడు, ఎక్కడి 1,300!

పైగా వరస చూడండి. సునామీ డిసెంబర్‌లో, కొండ లేచింది తర్వాతి మేలో. ఆ భూకంపం కుదుపు వల్లే కొండ లేచి ఉండొచ్చని కొందరు శాస్త్రవేత్తలు అనుకున్నారు. మెసేజ్ రాసిన మనిషి దాన్ని తిరగేసి, కొండ వల్లే సునామీ అన్నాడు.

"రెండు గంటల్లో విశాఖ మునుగుతుంది." మ్యాప్ తీసి చూస్తే చాలు. విశాఖ నుంచి బారెన్ దాదాపు 1,300 కిలోమీటర్లు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, అది అండమాన్ దీవులకి అవతలి పక్కన, తూర్పున ఉంది. మనకీ దానికీ మధ్య ఉత్తరం నుంచి దక్షిణానికి అండమాన్ దీవుల వరస గోడలా నిలబడి ఉంది. 1991 నుంచి ఇన్నిసార్లు మండి, లావా సముద్రంలోకి కూడా జారి ఆవిరి లేపింది గానీ ఒక్కసారీ సునామీ రాలేదు.

అయితే అగ్నిపర్వతాలు సునామీ తేనే తేవు అని నేను అనను. 1883లో ఇండోనేషియాలో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు 36 వేలమందికి పైగా పోయారు, ఎక్కువమందిని మింగింది కెరటాలే. 2018 డిసెంబర్ 22 రాత్రి అదే చోట పుట్టిన అనక్ క్రకటోవా కొండ ఒక పక్క విరిగి సముద్రంలో పడితే, భూకంపం హెచ్చరికేమీ లేకుండానే కెరటం వచ్చి 400 మందికి పైగా చనిపోయారు. వాళ్ళంతా ఆ కొండకి చుట్టుపక్కలున్న జావా, సుమత్రా తీరాల వాళ్ళు. అలా విరిగిపడితే లేచే కెరటం దగ్గర్లో భయంకరంగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ త్వరగా నీరసిస్తుంది. బారెన్‌కి అలాంటిది జరిగితే ఆలోచించాల్సింది అండమాన్ తూర్పు తీరం గురించి, ఆ నీళ్ళలో తిరిగే పడవల గురించి. కాకినాడ, మచిలీపట్నం గురించి కాదు.

"ప్రభుత్వం దాస్తోంది." ఎక్కడ దాస్తుంది? బూడిద లేస్తే ఉపగ్రహాలు చూస్తాయి, ఆస్ట్రేలియాలోని డార్విన్ కేంద్రం విమానాలకి హెచ్చరిక పంపుతుంది. సునామీ సంగతి చూసే కేంద్రమైతే మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉంది. ఇన్‌కాయిస్ అంటారు. 2007 నుంచి రాత్రీ పగలూ అదే పని. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో భూకంపం వస్తే వెంటనే హెచ్చరిక ఇచ్చింది. నేల పైకి లేవకుండా పక్కకి జరిగిన భూకంపం కాబట్టి కెరటాలు చిన్నవే వచ్చాయి, హెచ్చరిక ఎత్తేసింది. నా దృష్టిలో తీరం వాళ్ళు ఫోన్‌లో పెట్టుకోవాల్సింది ఆ సంస్థ పేజీ. ఎందుకంటే 2004 లాంటి భూకంపం మళ్ళీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మనకి నిజమైన ముప్పు ఆ చీలిక వెంట ఉంది.

ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు. ఇదే మెసేజ్ కింద ఎవరో రాశారు: "అది చిన్న కొండే, పడవ మాట్లాడుకుని దిగి ఫొటోలు తీసుకోవచ్చు." ఇదీ అంతే తప్పు. ఆ దీవిలో అనుమతి లేకుండా దిగనివ్వరు, అది మంచిదే. బిలంలోంచి ఎగిరే రాళ్ళు ఎటు పడతాయో చెప్పి పడవు. లోయలో విషవాయువులు పేరుకుంటాయి. లావా సముద్రంలో కలిసేచోట లేచే ఆవిరిలో యాసిడ్, గాజురవ్వ ఉంటాయి. బిలం ఉన్న లోయ చుట్టూ నిలబడ్డ కొండ గోడ పడమటి వైపు తెగి ఉంది, లావా దిగేది అటే, పడవలు చేరడానికి వీలైన వైపూ అదే. అక్కడ పెట్టిన లైట్‌హౌస్‌ని కూడా ఆ విస్ఫోటనాలు మిగల్చలేదు.

పెద్దమ్మకి ఇంత చెప్పలేదు. మ్యాప్ స్క్రీన్‌షాట్ పంపి, మధ్యలో ఉన్న దీవుల వరస చూపించాను. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఆ కొండకి దాదాపు 140 కిలోమీటర్లని, తమ్ముణ్ణి రమ్మనక్కర్లేదని చెప్పాను. కాసేపు ఊరుకుని, "అయితే నేను ముగ్గురికి పంపేశానురా" అంది. అందులో ఒకామె భర్త వేటకెళ్ళి ఉన్నాడట. పొద్దున్నే తనే వెళ్ళి ఆమెకి చెప్తానని ఫోన్ పెట్టేసింది.