బాగేపల్లి సిద్ధాంతం

మొన్న అనంతపురంలోని ఒక కల్యాణమండపంలో జరిగిన సదస్సుకు బెంగళూరు నుంచి కారులో విచ్చేసిన ఆర్థిక నిపుణులొకరు, పేద దేశాలు ఎందుకు ఎదగవో పది నిమిషాల్లో తేల్చేశారు. పన్నులు ఎక్కువట, పైగా మన దేశంలో పన్ను కట్టేవాళ్లు నూటికి ఏ కొద్దిమందోనట, తక్కినవారంతా వారి కష్టం మీద బతుకుతున్నారట. పన్ను మితిమీరితే రాబడే తరిగిపోతుందని చూపుతూ 1974లో వాషింగ్టన్‌లోని ఒక హోటల్లో అమెరికా ఆర్థికవేత్త ఆర్థర్ లాఫర్ చేతిరుమాలు మీద గీశాడని చెప్పుకొనే వంపు గీతను కూడా తెరమీద దర్శింపజేశారు.

అంత శ్రమ అనవసరం. మా జిల్లాలో కారున్న ప్రతివాడూ లాఫరే. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, అది చాలదన్నట్టు ఇంకో రూపాయి రోడ్డు సెస్సు ఉన్నందున, బెంగళూరు బయల్దేరిన గృహస్థు ఇక్కడ చుక్క పోయించడు. పెనుకొండ దాటేసరికి ముల్లు ఎరుపుకు దిగుతుంది, ఏసీ ఆగుతుంది, పల్లం వస్తే గేరు తీసి బండిని దాని ఖర్మకు వదిలేస్తారు. కొడికొండ దగ్గర లేపాక్షి బసవన్నకు మొక్కుకొని, ఊపిరి బిగబట్టి సరిహద్దు దాటి, బాగేపల్లి బంకులో ట్యాంకు నిండా కర్ణాటక పెట్రోలు పోయించి, మిగిలినదానికి రెట్టింపు పెట్టి ఇంటిల్లిపాదీ దోసెలు తిని, గెలిచినట్టు సాగిపోతారు.

అయితే ఈ గీత కంపెనీల దగ్గర ఒకలా, రైతు దగ్గర ఇంకోలా వంగుతుంది. 2019 సెప్టెంబరులో, మినహాయింపులు వదులుకొనే కంపెనీలకు పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించి, ఎదుగుదల కోసమన్నారు. 2020 మార్చి, మే నెలల్లో, ముడి చమురు ధర పాతాళంలో ఉండగా, డీజిలు మీద కేంద్ర సుంకాన్ని లీటరుకు 16 రూపాయలు పెంచినప్పుడు మాత్రం లాఫరు ఎవరికీ గుర్తు రాలేదు. (రెండేళ్లకు దించారు, దాచను.)

వేరుశనగ చేను దున్నించిన కళ్యాణదుర్గం రైతు ట్రాక్టరును బాగేపల్లికి తోలలేడు; ఆ 16 రూపాయలూ కట్టాడు. ఆయన పన్ను కట్టనివాడా? సబ్బుబిళ్ల కొన్న కూలితల్లి కట్టనిదా? ఆదాయపు పన్ను జాబితాలో పేరు లేకపోతే ఆమె కొంగుముడిలోంచి పోయిన రూపాయి రూపాయి కాదా? ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది?

నిజాం ఇంగ్లీషు కుంపిణీకి ఇచ్చేసిన ఈ దత్త మండలాలకు అప్పట్లో కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, శిస్తును నాలుగో వంతు తగ్గిస్తే సాగు పెరుగుతుందని 1807లోనే మద్రాసుకు రాశాడు. శిస్తు పిండడానికి వచ్చిన కుంపిణీ దొర కూడా తగ్గించమన్నది దున్నేవాడికి!

సదస్సయ్యాక నిపుణులవారిని భోజనానికి ఉండమన్నాము. ముల్లు కిందికి దిగిందనీ, చీకటి పడకముందే బాగేపల్లి చేరుకోవాలనీ సెలవిచ్చారు.