చెక్ దేశానికి పలకలు పంపుదాం

ఈ మధ్య తిరుపతిలో ఒక మద్య వ్యతిరేక సదస్సులో పెద్దాయనొకరు మైకు పట్టుకుని సెలవిచ్చారు: "పేదరికం, చదువు లేకపోవడం. అందుకే తాగుతున్నారు. చదివిస్తే వాళ్లే మానేస్తారు." హాలంతా చప్పట్లు. అడుగడుక్కీ కాలేజీ ఉన్న ఊరు కదా, చదువును పొగిడితే చప్పట్లకు లోటేముంది.

అంతటివారి మాట కాదనగలమా? కాబట్టి లోకమంతా అమలు చేద్దాం. తలసరి బీరు తాగడంలో ఏళ్ల తరబడి ప్రపంచంలో మొదటి స్థానం చెక్ దేశానిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019లో పదిహేనేళ్లు దాటిన మనిషి తాగిన శుద్ధ ఆల్కహాల్ ప్రపంచ సగటున 5.5 లీటర్లయితే, యూరప్‌లో 9.2. పాపం, వాళ్లకు ఓనమాలు కూడా రావన్నమాట! ఆఫ్రికాలోని మౌరిటానియా, మన పక్కనున్న బంగ్లాదేశ్‌లలో తాగేవాళ్లు బహు తక్కువ. అక్కడ ఇంటికో పీహెచ్‌డీ ఉండి తీరాలి. మతం, చట్టం, ఖాళీ జేబు అంటూ ఎవరైనా అడ్డొస్తే పట్టించుకోకండి.

మన కర్తవ్యం స్పష్టం. రేణిగుంటలో విమానమెక్కి, పలకలు, బలపాలతో ప్రేగ్ వెళ్లి రాత్రి బడి పెట్టాలి. బీరు హాల్లో బల్లలు పక్కకు జరిపి చాపలు పరిస్తే ఇంజనీర్లు, ప్రొఫెసర్లు, ఒక రిటైర్డ్ జడ్జి బాసింపట్టు వేసుక్కూర్చుంటారు. "అ అంటే?" అంటుంది మన టీచరమ్మ. "అమ్మ" అంటారు జడ్జిగారు. "ఇంక తాగవు కదా నాయనా?" "తాగనమ్మా, చదువొచ్చేసిందిగా!" గుండె ఆపరేషన్లు చేసే డాక్టరుగారికి మాత్రం 'ఋ' దగ్గర చెయ్యి వణికింది. అది వచ్చేదాకా ఆయనకు రోజుకో మగ్గు మినహాయింపు.

మన దేశంలో చదువు తక్కువున్న మగవాళ్లలోనే తాగేవాళ్లు ఎక్కువ, కాదనను. కానీ పెద్దాయన చెప్పని లెక్క ఇంకోటుంది. మొత్తమ్మీద ఎక్కువ తాగేది డబ్బున్న దేశాలు. తాగిన లీటరుకు ఎక్కువమంది చచ్చేది పేద దేశాల్లో. అదే క్వార్టర్ సార్ తాగితే పక్కన జీడిపప్పు, ఇంటికి చేర్చడానికి డ్రైవరు, ఏడాదికోసారి లివర్ టెస్టు. మార్కెట్ యార్డు హమాలీ బ్రాందీ షాపు పక్క గోడకు ఆనుకుని, ప్లాస్టిక్ గ్లాసులో వాటర్ ప్యాకెట్ పిండుకుని, ఖాళీ కడుపులో ఒక్క గుక్కన దించుతాడు. మర్నాడు మూట ఎత్తలేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. 2024 అక్టోబరు నుంచి ఆ క్వార్టర్‌ను 99 రూపాయలకే అందిస్తున్నది సర్కారు. పేదవాడి కందిపప్పు మీద ఇంత శ్రద్ధ ఎప్పుడైనా చూశారా?

చదివిస్తే మానేస్తారా? చదివించి చూశాం సామీ! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్నది తాగే మగాళ్లు కాదు, చుక్క ముట్టని ఆడకూలీలు. వయోజన విద్య పాఠంలో తాగుబోతు మొగుడితో నలిగిన సీతమ్మ కథ చదివి, తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ మంట మన చిత్తూరుకూ పాకింది. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యం మీదే నిషేధం వచ్చింది. ఖజానా నిండటం లేదని 1997లో దాన్ని ఎత్తేశారు. ఎత్తేసిన ఆ ఫైలు మీద వేలిముద్ర ఒక్కటీ లేదు, అన్నీ సంతకాలే.